మంచు లేని ఊరు

ఆ మంగళవారం పొద్దున మారిట్ అనుకున్న పని చిన్నది. మధ్యాహ్నం లోపు ఊళ్ళో మంచు తీయించే వెబ్ పేజీని కాస్త శుభ్రం చెయ్యాలి. పెళ్ళై ఆరు వారాలే అయింది. కొత్త కాపురంలో అలమరలు సర్ది సర్ది ఆనందం మరిగిన చేతులు ఊరి ఆఫీసులోనూ ఊరుకోలేదు.

ఉత్తర మిన్నెసోటాలోని ఆ ఊళ్ళో మంచు పడితే జనం పేజీలో అర్జీ పెడతారు. పేజీ వరస కట్టి ఇస్తే, మారిట్ భర్త టోబీ ఆ వరసలోనే మంచు తీసే బండి నడపాలి. వరస తప్పితే ఉద్యోగం పోతుందని మేయరు బ్రెక్కీ పెట్టిన నియమం.

పైకి పేజీ ముచ్చటగానే ఉంది. అడుగున కోడు తెరిస్తే ఊరి కడుపులో ఉన్నదంతా బయటపడింది. మేయరు వీధి ఎప్పుడూ ముందు, తర్వాత ఆయన వియ్యంకుడిది. చర్చికో మినహాయింపు, పక్కన ‘తాత్కాలికం’ అని పదిహేనేళ్ళ కిందటి తేదీ. అట్టడుగున ఒక పంక్తి: ఏటిగట్టున చక్రాల మీదుండే ట్రెయిలర్ ఇళ్ళ అర్జీలు దాచెయ్యి, ‘మీ వీధిలో మంచు తీసేశాం, ధన్యవాదాలు’ అని జవాబివ్వు.

దాని కింద పదకొండేళ్ళ అర్జీలు, నాలుగు వందల పన్నెండు, మగ్గుతున్నాయి. సగం ఓరిన్ అనే ముసలాయనవే. ‘మా వెర్నాకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. దారి ఇప్పించండి.’

మారిట్ ఆ పంక్తి తీసేసింది. ఆ ఊపులో మిగతావీ తీసేసింది.

బుధవారం మోకాలి లోతు మంచు పడింది. పాత అర్జీలన్నీ ఒక్కసారిగా వరస ముందుకొచ్చాయి. మధ్యాహ్నం టోబీ ఫోన్ చేశాడు.

“ఏటిగట్టు దారి పదిహేడోసారి గీకుతున్నాను. మంచైపోయింది, ఇప్పుడు తారు లేస్తోంది. ఇక్కడివాళ్ళు సామాన్లు కట్టుకుంటున్నారు.”

“ఎందుకు?”

“పదకొండేళ్ళుగా రాని బండి ఇన్నిసార్లొస్తే, ఖాళీ చేయించడానికే అనుకున్నారు. ఎప్పటిలోగా వెళ్ళిపోవాలని ఓరిన్ నన్ను అడుగుతున్నాడు.”

ఊళ్ళోనేమో మేయరు ఏటిగట్టును హోటలుకు అమ్మేశాడని పుకారు లేచింది. చర్చికి రావలసిన శవపేటిక మలుపులో ఇరుక్కుపోయింది. చివరికి మేయరే బూట్ల నిండా మంచుతో ఆఫీసుకు నడిచొచ్చాడు.

“అమ్మాయ్, ఆ ఏటిగట్టు పంక్తి ముందు దాని చోట పెట్టు. లేదంటే మొగుడూ పెళ్ళాం వేరే ఊరు చూసుకోండి.”

మారిట్ ఆ పంక్తి తిరిగి పెట్టింది. అది ఏ వీధికన్నది మాత్రం రాయలేదు. మరచిపోయిందో, వేళ్ళకే బుద్ధి పుట్టిందో టోబీ కూడా అడగలేదు.

గురువారం మళ్ళీ మంచు. ఊరంతా అర్జీలు పెట్టింది. ఊరంతటికీ ధన్యవాదాలు అందాయి. వరస ఖాళీ. బండి కొట్టంలోంచి కదల్లేదు. మేయరు ఫోన్లో మండిపడ్డాడు.

“పేజీలో తీసేసినట్టే ఉందండీ,” అంది మారిట్.

“నడుం లోతుంది, కళ్ళెదుట.”

“ఏటిగట్టువాళ్ళూ అలాగే రాసేవారండీ.”

ఫోన్ పెట్టేసి మేయరు పార అందుకున్నాడు. అప్పుడే ఓరిన్ మేయరు వీధిలోంచి వస్తున్నాడు. వేటాడిన జింకను మంచు మీద ఈడ్చే తొట్టిలో భార్యను దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టి, తాడు భుజాన వేసుకుని లాగుతున్నాడు.

“ఇంత మంచులో ఎలా వచ్చావయ్యా?”

“నాలుగేళ్ళుగా ఇలాగేనండీ,” అన్నాడు ఓరిన్, ఆగకుండా.

ఆ రోజు ఊరు మొత్తం మీద ఆస్పత్రికి వేళకు చేరింది వాళ్ళిద్దరే; డాక్టరు కూడా రాలేకపోయాడు.