మా ఆయన బుగ్గలో బిళ్ళ

పెళ్లయిన ప్రతి మగవాడి బుగ్గలోనూ ఒక బిళ్ళ అతికించాలని చట్టం రావాలి! నవ్వకండి. నలభై రోజుల కాపురం నేర్పిన అనుభవంతో చెబుతున్నాను.

మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తారు. మాత్ర మింగలేని రోగుల కోసం నొప్పి తగ్గించే బిళ్ళ తయారు చేస్తున్నారు. చిగుళ్లకీ బుగ్గకీ మధ్య పెట్టుకుంటే అక్కడే అతుక్కుని, మందును కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆరు గంటలు ఊడకూడదు. ఈ నెలలో నిలవకపోతే ప్రాజెక్టు మూసేస్తామని పై ఆఫీసరు చెప్పేశారు.

అందుకని ఆదివారం పొద్దున్నే మందు కలపని ఉత్త బిళ్ళను తన బుగ్గలోనే పెట్టుకుని గడియారం ముందు కూర్చుంటారు. మాట్లాడితే జారుతుంది. కాబట్టి మాట్లాడరు. మిగతా రోజుల్లో ల్యాబ్ నుంచి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రే.

ఇంతకన్నా వరం ఉంటుందా? ముదురాకుపచ్చ కర్టెన్లు కొన్నాను, అభ్యంతరం లేదు. ఆయన చొక్కాతోనే కిటికీ తుడిచాను, కళ్లు మాత్రం పెద్దవి చేశారు. స్కూలు నాటకంలో చెట్టు వేషం వేసి ఏడ్చిన కథ మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ విన్నారు. ఏ భర్త వింటాడండీ?

ఫోన్‌లో అక్కకు చెబితే కుళ్లుకుంది.

"ఎంత పెట్టి పుట్టావే. మీ బావకీ ఓ డబ్బా పంపు."

"అది నొప్పికక్కా."

"మరి నాది నొప్పి కాదుటే?"

అయితే ఒక్క మాట. తొమ్మిదో రకం బిళ్ళ ఇరవై నిమిషాలకే ఊడిపోయింది. పాపం, ఆయన మొహం వాడిపోయింది. కానీ ఆ పూటంతా నాతో కబుర్లు చెప్పారు. కాలేజీ ల్యాబ్‌లో బీకరులో టీ కాచి పట్టుబడిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది. అలాంటి బిళ్ళలు ఇంకో పది ఊడితే బాగుండుననుకున్నాను. పాపమే, ఒప్పుకుంటున్నాను.

నిన్న పన్నెండో రకం. ఐదు గంటల నలభై నిమిషాలైనా కదల్లేదు. ఆయన్ని పడీపడీ నవ్వించే మాట ఒకటి నా నాలుక చివరే ఉంది. అనేస్తే చాలు, బిళ్ళ పోతుంది, మనిషి దక్కుతాడు. ముల్లు వైపే చూస్తున్న ఆయన కళ్లు చూశాను. చున్నీ నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు! పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నేను మౌనంగా ఉన్నది లేదు.

ఆరు గంటలు నిండగానే పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఇక కబుర్లే కబుర్లనుకున్నాను.

"నిలిచిందోయ్. ఇక ఎనిమిది గంటలది మొదలుపెట్టొచ్చు."

పాఠకులారా, ఆ పై ఆఫీసరు మీలో ఎవరికైనా తెలిస్తే, ఎనిమిది గంటల బిళ్ళను ఇంకెవరి బుగ్గలోనైనా పెట్టించమని చెప్పి పుణ్యం కట్టుకోండి. మొన్న మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, గొంతు పోల్చుకోలేక "ఎవరండీ మీరు?" అన్నాను.