కోళ్లగూట్లో భూకంపం

పంతొమ్మిది వందల తొంభై మూడు సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున లింగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. సోమందేపల్లిలో ఉన్న తన పెద్దమ్మ కూతురు యల్లక్క కోళ్లు పెంచడం మానేసింది. ఆమె కోళ్లగూడును టెంపోలో వేసుకుని పెనుకొండ తెచ్చి, భార్య నాగమణికి అప్పజెప్పి, అన్నం తిని ఓ కునుకు తీయాలి. అంతే. లింగప్పది రేడియో రిపేరు అంగడి, దానికి తోడు మైకు సెట్టు, షామియానా. ముందు అంగడి, వెనక ఇల్లు. నాగమణి కోళ్లు అప్పటికే వారం నుంచి గంప కింద మగ్గుతున్నాయి.

గూడు వచ్చింది గానీ నాగమణికి దక్కలేదు. దాన్ని దించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చేసరికి లింగప్పకు అనుమానం పుట్టింది. కోళ్లకు ఇంత బరువైన మేడ ఎవడు కట్టిస్తాడు? స్క్రూడ్రైవరు తీసి పచ్చరంగు గోకాడు. రంగు కింద నల్లటి రెక్సిను. మూలల్లో ఒక్క మేకు లేదు, పలకలు రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు ఒకదాంట్లోకి ఒకటి దూరి ఉన్నాయి. ముందు వైపు రెండు రేకులు కొట్టి ఉంటే ఒకటి పీకాడు. లోపల పెద్ద పళ్లెమంత స్పీకరు, ఎలుకలు కాగితమంతా కొరుక్కుపోగా ఇనుప చట్రమూ అయస్కాంతమూ మిగిలాయి. లింగప్ప అక్కడే చతికిలబడిపోయాడు.

"ఏమయ్యా, గూడు చూస్తే కండ్లల్లో నీళ్లేంటికి?" అంది నాగమణి.

"ఇది గూడు కాదు మే. బేస్ పెట్టె. నరసింహులన్నదే అనుకుంటా."

ఇరవై రెండేళ్ల కిందట ధర్మవరంలో ఒక పెళ్లికి మైకు మోయడానికి వెళ్లాడు లింగప్ప. అక్కడ నరసింహులు ఆర్కెస్ట్రా. లావు గొంతుతో పలికే బేస్ గిటారు పట్టుకుని ఆయన ఒక్క తీగ మీటితే, వెనకనున్న మనిషెత్తు నల్లపెట్టె పలికింది. లింగప్పకు అది చెవులతో కాదు, కడుపుతో వినబడింది. విస్తరి పక్కన గ్లాసులో నీళ్లు వణికాయి. ఆ తర్వాత ఎన్ని మైకులు కట్టినా, ఎన్ని ఆంప్లిఫయర్లు విప్పినా ఆ వణుకు మళ్లీ దొరకలేదు. ఆర్కెస్ట్రా చెదిరిపోయింది, పెట్టె ఎవరి చేతిలోనో పడింది, నరసింహులుకు చెవులు పోయాయి. చెవులు పోయాక ఆయన గిటారును గోడకు తగిలించి మళ్లీ ముట్టలేదు.

లింగప్ప ధర్మవరానికి కార్డు రాశాడు. "అన్నా, నీ పెట్టె దొరికినట్టుండాది. బాగుచేస్తాండా. వచ్చి వాయించు." చాలా రోజులకు జవాబు వచ్చింది. అక్టోబరు ఇరవై, బుధవారం వస్తాననీ, తన పెట్టెనో కాదో ముట్టుకుని చెప్తాననీ రాశాడాయన. చివర ఇంకో వాక్యం: "నాకు వినబడదు. అయినా వస్తా."

ఆ వాక్యం చదివాక లింగప్పకు నిద్ర పట్టలేదు. చెవులు లేని మనిషికి వినబడేలా పెట్టె పలకాలి. పలకకపోతే ఆయన గిటారును ఇంకెవరూ గోడ మీంచి దించలేరు.

కోళ్ల కోసం వెనక కోసిన తలుపునూ, గాలి కోసం పక్కల పెట్టిన బెజ్జాలనూ మూశాడు. పాత మగ్గం పలకల ముక్కలు కొలిచి కోసి బిగించాడు. సందుల్లో రంపంపొట్టు కలిపిన చింతపిక్కల జిగురు కూరాడు. స్పీకరుకు బెంగుళూరులో కొత్త కాగితం వేయించాడు. రెండో రేకు వెనక స్పీకరే లేదు, దాన్ని హిందూపురంలో మూతపడిన ఒక టాకీసు సామాన్లలో వెతికి పట్టుకున్నాడు. పైఅంచున వరసగా నల్లటి చుక్కల్లాంటి సన్న బెజ్జాలు కనిపిస్తే పురుగు తొలిచిందేమో అనుకున్నాడు. జిగురు అయిపోయి అవి మాత్రం అలాగే మిగిలాయి.

ఈలోగా మహారాష్ట్రలో భూకంపం వచ్చింది. పేపర్లలో ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి పెనుకొండలో జనం మంచం కిర్రుమన్నా లేచి కూర్చుంటున్నారు.

నరసింహులు వస్తాడనగా మూడు రోజుల ముందు, ఆదివారం పొద్దున లింగప్ప తొలిసారి పరీక్ష పెట్టాడు. ఆంప్లిఫయరు పావు వంతు తిప్పి, మైకు వాళ్లందరూ చేసినట్టే వైరు కొనను వేలితో తాకాడు. 'గుయ్' అంది పెట్టె, తుమ్మెద ఎగిరినట్టు. ఇంతేనా? ఉసూరుమన్నాడు. వేలు తీయకుండా ఇంకాసేపు విన్నాడు. అంతలో పక్కింట్లో రుక్మిణమ్మ అటక మీది స్టీలు గిన్నెలు మూడు దబదబా పడ్డాయి.

"భూకంపమప్పా! బయటికి రాండి!" అని ఆమె పెట్టిన కేకకు వీధి వీధంతా కాళ్లకు పని చెప్పింది. లింగప్ప కరెంటు పనివాడు, జాగ్రత్త ఉన్నవాడు. ముందు మెయిను ఆపాడు, తర్వాత పరుగెత్తాడు. ఆశ్చర్యం, భూమి టక్కున నిలిచిపోయింది.

రిటైరైన లెక్కల మాస్టారు నారాయణ ఎవరూ అడక్కుండానే వీధికి పెద్దరికం తీసుకున్నాడు. "లింగప్పను చూసి నేర్చుకోండి. ప్రాణం పోతాన్నా మెయిను ఆపి వచ్చినాడు," అన్నాడు.

"మా వీధిలో ఏమీ కదల్లేదే సార్," అన్నాడు వెనక వీధి రామప్ప.

"మన వీధి కింద బండ ఉండాది. మీ కింద మట్టి. మీకేం తెలుస్తాది?" అని మాస్టారు తేల్చేశాడు. బండ ఉన్నందుకు వీధివాళ్లు కాస్త గర్వపడ్డారు కూడా.

లింగప్పకు దిగులు వేరు. సోమవారం పొద్దున ఆంప్లిఫయరు సగానికి తిప్పి, వేలు పెట్టాడు. పెట్టె మళ్లీ తుమ్మెదలాగే పలికింది. అవతల మాత్రం పదకొండు గిన్నెలూ, రెండు క్యాలెండర్లూ, ఎదురింటి నరసప్ప కొట్టంలో నాలుగు పెంకులూ రాలాయి. లింగప్ప మెయిను ఆపి బయటపడ్డాడు. భూమి మళ్లీ నిలిచింది.

ఇక ఇండ్లలో ఉండొద్దన్నాడు మాస్టారు. లింగప్ప షామియానా వీధి మధ్యలో లేచింది. దాని కిందికి మంచాలూ పొయ్యిలూ వచ్చాయి, నాగమణి కోళ్లూ గంపతో సహా వచ్చాయి. తన మైకులోనే లింగప్ప జాగ్రత్తలు చదివాడు. చదువుతున్నా మనసంతా పెట్టె మీదే.

"అది పలకడం ల్యా సార్. బుధవారం నరసింహులన్న వస్తాండాడు. మొగం ఎట్ల చూపించల్ల?"

"భూమి కదుల్తాంటే నీకు పెట్టె దిగులేంటికప్పా!" అని మాస్టారు కసిరాడు.

బుధవారం పదిగంటల బస్సుకు నరసింహులు దిగాడు. తెల్లటి జుట్టు, భుజాన గిటారు సంచి. నడివీధిలో పొయ్యిలు చూసి ఏదో పెళ్లి అనుకుని అందరికీ నమస్కారం పెట్టుకుంటూ అంగట్లోకి వచ్చాడు. పెట్టె ముందు కూర్చుని అరచేత్తో మూలలు తడిమాడు. మగ్గం పలకల అతుకుల దగ్గర చెయ్యి ఆగింది, మెచ్చుకోలుగా తట్టి ముందుకు పోయింది. పైఅంచున నల్లటి చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"కచేరీకి ముందర ఈడ అగరవత్తి గుచ్చి మొక్కుకుంటాంటి," అన్నాడు. "ఇది నాదే లింగప్పా."

లింగప్ప నాలుక కరుచుకున్నాడు. అవే చుక్కలు తను పూడ్చబోయాడు! ఆంప్లిఫయరును పూర్తిగా తిప్పి దండం పెట్టాడు. నరసింహులు కళ్లు మూసుకుని, పెట్టెకు వీపు ఆనించి, అన్నిటికన్నా లావు తీగను మీటాడు.

పెట్టె పక్కనున్న లింగప్పకు అది మెత్తగానే వినబడింది. మరుక్షణం బయట కేకలు, గిన్నెల మోత. "అన్నా, లెయ్! భూకంపం!" అని చెయ్యి పట్టి లాగాడు. ఆయన కదల్లేదు, వాయించడమూ ఆపలేదు. రెండుసార్లు లాగి, ఇక సాయం తేవాలనుకుని, జీవితంలో మొదటిసారి మెయిను ఆపకుండా లింగప్ప వీధిలోకి పరుగెత్తాడు.

ఈసారి భూమి నిలవలేదు. షామియానా గుంజలు వణుకుతున్నాయి. నాగమణి గంపను రెండు చేతులా కావలించుకుంది. మాస్టారు గడియారం పట్టుకుని సెకండ్లు లెక్కపెడుతున్నాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." కాసేపటికి ఆయన గొంతు మారింది. "మళ్లా ఒకటి... రెండు, మూడు, నాలుగు... ఏమప్పా, భూకంపానికి తాళం ఉంటుందా?"

లింగప్ప నిలబడిపోయాడు. కాళ్ల కింద నేల మీంచి ఆ శబ్దం పైకి పాకి, మోకాళ్లు దాటి, కడుపులోకి వచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్ల కిందటి వణుకు అదే, సందేహం లేదు. అంత లావు శబ్దానికి పక్కన నిలబడితే చాలదు, కాస్త ఎడం ఉంటేనే అది మనిషిని పట్టుకుంటుంది. పలకడం లేదని తను ఏడ్చిన పెట్టె ఆదివారం నుంచీ పలుకుతూనే ఉంది. తనే మెయిను ఆపి దాని నోరు మూస్తూ వచ్చాడు. ఎంత గొప్ప శబ్దం! తన చేతులతో అతికిన చెక్కలోంచేనా ఇది! లింగప్ప కళ్లు ధారలు కట్టాయి.

"సార్," అన్నాడు చివరికి, తల వంచుకుని. "అది భూకంపం కాదు. మూడుసార్లూ నా పెట్టే."

రుక్మిణమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "రెండు రాత్రులు నన్ను వీధిలో పండబెట్టింది నువ్వా? నిన్ను..." అంటూ లింగప్ప అంగడి గోడకు చెయ్యి ఆనించింది. గోడ ఆమె అరచేతిలో మెత్తగా కొట్టుకుంటోంది. తిట్టు అక్కడే ఆగిపోయింది. "గోడకు ప్రాణమొచ్చినట్టుండాది గదప్పా," అంది మెల్లగా. నరసప్ప కూడా వచ్చి చెయ్యి పెట్టాడు. మాస్టారు పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి, అందరూ ఆ గోడ పొడవునా చేతులు ఆనించి నిలబడ్డారు.

పాట అయిపోయింది. నరసింహులు గిటారుతోనే గడప దగ్గరికి వచ్చి, గోడకు చేతులానించిన జనాన్ని చూసి కంగారుపడ్డాడు. "ఎక్కువైందా? తగ్గించల్లనా?" అన్నాడు గట్టిగా. అందరూ వద్దు వద్దని తలలు ఊపారు. ఆయన లింగప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు వినబడింది లింగప్పా," అన్నాడు. "వీపుతో. మొత్తం వినబడింది."

ఆ తర్వాత నెలకొక బుధవారం ధర్మవరం బస్సులో గిటారు సంచి వస్తూ పోతూ ఉండేది. ఆ వీధిలో నేల కదిలితే ఇప్పుడెవరూ బయటికి పరుగెత్తరు, వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటారు.