ఎక్కడికి అని అడగని ఇల్లు

శనివారం పొద్దున్నే కొండ మీది చెరువు దాకా నడిచి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికొచ్చి, పప్పుచారుతో అన్నం తినాలన్నది కిషన్‌రావు వేసుకున్న పథకం. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కార్డిఫ్ నుంచి బ్రెకన్ కొండలకు కారులో గంట ప్రయాణం. ఆరు నెలల కిందట గుండెలో స్టెంట్ వేశాక వ్యాయామం చేయించిన నర్సు, "ఎండలు వచ్చేసరికి మీరు ఆ చెరువు దాకా నడిచేస్తారు" అంది. జూన్ వచ్చింది, ఎండలూ వచ్చాయి. నర్సు మాట నిలబెట్టే బాధ్యత తనదేనని కిషన్‌రావు అనుకున్నాడు. ఇంట్లో చెబితే భార్య పుష్పలీల గడప దాటనివ్వదు గనక చెప్పలేదు.

అడిగితే చెప్పేవాడే, ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. కాని ఆ ఇంట్లో బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగరు. అడిగితే పోయిన పని కాదని జగిత్యాలలో అత్తగారు పుష్పలీలకు పెళ్ళైన మూడోరోజే చెప్పింది. అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. పుష్పలీల తెల్లకోటు వేసుకుని ఫార్మసీలో పనిచేస్తోంది. ఆ మాట మాత్రం చెక్కుచెదరలేదు. దానికి ఇద్దరు తోబుట్టువులు కూడా ఉన్నారు: వెనక నుంచి పిలవకూడదు, బయల్దేరినవాడు మళ్ళీ వెనక్కి రాకూడదు.

"పోయొస్త లీలా" అన్నాడు కిషన్‌రావు, కొత్త బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

పుష్పలీల ఆ బూట్లను చూసింది, వీపున సంచిని చూసింది, జూన్ నెలలో నెత్తిన ఎర్ర ఉన్నిటోపీని చూసింది. ఎక్కడికి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మంచిది. పోయి రాండ్రి" అంది.

కారు కదలబోతుండగా సోఫా మీద ఆయన ఫోను కనిపించింది. తీసుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పిలిస్తే వెనక నుంచి పిలిచినట్టవుతుంది. పిలవలేదు. వీధి మలుపులో కిషన్‌రావుకు కూడా జేబు తేలిగ్గా తోచి కారు ఆపాడు. తిరిగొస్తే వెనక్కి వచ్చినట్టవుతుంది. రాలేదు. ఇలా ఒకరి క్షేమం ఒకరు కోరుకుంటూ ఇద్దరూ కలిసి ఫోనును ఇంట్లో దిగబెట్టారు.

మూడైంది. పుష్పలీల పప్పుచారు రెండోసారి వేడి చేసింది. నాలుగింటికి మూడోసారి వేడి చేసింది. ఆరు నెలల కిందట ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆమె దేవుణ్ణి అడిగింది ఒక్కటే: ఈ మనిషిని నాకియ్యి, ఇంకేమీ అడగను. దేవుడిచ్చాడు. ఇచ్చిన మనిషిని ఆరు నెలలు కూడా కాపాడుకోలేకపోయానా అనుకుంది. పోలీసుల అత్యవసర నంబరు 999 నొక్కింది.

"మీవారు ఎక్కడికి వెళ్ళారు?" అని అవతలి ఆడగొంతు ఇంగ్లీషులో అడిగింది.

పుష్పలీల ఇంగ్లీషు చక్కగానే మాట్లాడుతుంది. కంగారు పడితే మాత్రం ఆమె నోట తెలుగే ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వస్తుంది.

"తెల్వదు. నేను అడగలే."

"ఎందుకు అడగలేదు?"

"మా ఇంట్ల అడగొద్దు."

అవతలి గొంతు బాగా మెత్తబడింది. "అడిగితే ఏమవుతుంది?"

"కీడైతది."

"అలా అని మీకు ఎవరు చెప్పారు?"

"మా అత్తమ్మ."

"ఆవిడ ఇప్పుడు మీ గదిలోనే ఉన్నారా?"

పుష్పలీల గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూసింది. "ఉన్నది. నన్నే చూస్తున్నది."

"మీరు భయపడకండి. మనిషిని పంపిస్తున్నాం" అంది ఆ గొంతు. కిషన్‌రావును వెతకడానికి ఇంత త్వరగా మనిషిని పంపుతున్నందుకు పుష్పలీల ఆ గొంతుకు నాలుగుసార్లు థ్యాంక్స్ చెప్పింది.

ఈ అలజడికి కొడుకు నవదీప్ మేడ దిగి వచ్చాడు. సెలవులకు యూనివర్సిటీ నుంచి ఇంటికొచ్చి, పగలంతా నిద్రపోవడమే చదువుగా పెట్టుకున్న కుర్రాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్డిఫ్ ఇంగ్లీషులోనే. సంగతి విని తండ్రి టాబ్లెట్ తెరిచాడు. కొండ మీది చెరువుకు దారి చూపే పటం తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మమ్, హీ'జ్ గాన్ అప్ టు ద లేక్."

"కొండెక్కిండా? గుండెల స్టెంట్ పెట్టుకోని కొండెక్కిండా?" అంటూ పుష్పలీల ఇంటి చెప్పులతోనే నవదీప్ చిన్న కారెక్కి కూర్చుంది. తామెక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పలేదు. వస్తున్న పోలీసు మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

కొండ కింద కార్ పార్కులో కిషన్‌రావు కారు లేదు. "డాడ్స్ నాట్ హియర్. లెట్స్ గో హోమ్" అన్నాడు నవదీప్. బుద్ధిగల మాటే. కాని అప్పటికే పుష్పలీల కాలిబాట మొదట్లో ఉన్న గేటు చూసింది. గేటు పక్కన కంచె గుంజకు ఎర్ర ఉన్నిటోపీ తొడిగి ఉంది.

ఆ దేశంలో నడకదారిన ఎవరిదైనా వస్తువు పడిపోతే, వెనక వచ్చేవాళ్ళు తీసి కంచె గుంజకు తగిలించి పోతారు. పోగొట్టుకున్నవాళ్ళు తిరుగుదారిలో తీసుకుంటారు. నవదీప్ ఇదంతా తల్లికి వివరంగా చెప్పాడు.

"టోపీ ఈడున్నది. మనిషేడి?" అంది పుష్పలీల.

"హీ డ్రాప్డ్ ఇట్, మమ్."

"నెత్తి మీది టోపీ తనంతట తనే పడ్తదా? మనిషి పడితెనే టోపీ పడ్తది. కారు కింద యాడనో పెట్టి ఉంటడు" అని, గుంజ మీది టోపీ తీసుకుని గేటు తోసుకుని నడిచింది.

ఫార్మసీలో మొదటి అంతస్తుకు కూడా లిఫ్టు ఎక్కే మనిషి ఆమె. వాగు పక్కన రాళ్ళదారి నిటారుగా లేస్తోంది. గొర్రెలు దారివ్వడానికి తొందరపడలేదు. ఎదురొచ్చిన ప్రతివారికీ టోపీ చూపించి, దీని కిందుండే మనిషిని చూశారా అని అడిగింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకామె నీళ్ళిచ్చింది. ఒక ముసలాయన తన చేతికర్ర ఇచ్చేసి, తాను కుంటుకుంటూ దిగిపోయాడు. దిగినవాళ్ళు ఊరుకున్నారా అంటే, లేదు. టోపీ పోగొట్టుకున్న మనిషి అన్న మాట సగం కొండ దిగేసరికి గుండెజబ్బు మనిషి అయింది, కార్ పార్కు చేరేసరికి చెరువులో పడ్డ మనిషి అయింది. అక్కడ ఎవరో కొండ రక్షణ దళానికి ఫోను చేశారు.

చెరువు దగ్గరికి చేరేసరికి పొగమంచు దిగింది. మూడు వైపులా నల్లటి కొండగోడలు, మధ్యలో కదలని నీళ్ళు. పుష్పలీల ఒడ్డున నిలబడి, "ఏమండీ!" అని అరిచింది. కొండలు ఆమె అరుపును ఆమెకే తిరిగిచ్చాయి. రెండోసారి అరవడానికి ఒక అడుగు ముందుకు వేసింది, తడి రాయి మీద ఇంటిచెప్పు జారింది, చీలమండ మడతపడింది.

అదే సమయానికి కిషన్‌రావు కార్డిఫ్‌లో ఇంటిముందు కారు దిగాడు. ఇంటికి తాళం ఉంది. గుమ్మంలో ఒక ఆడ కానిస్టేబుల్ ఉంది.

"మీ భార్య ఎక్కడ?" అంది.

"తెల్వదు."

"మీ అబ్బాయి?"

"తెల్వదు."

"మీరు పొద్దున్నుంచి ఎక్కడున్నారు?"

కిషన్‌రావు మొహం ఎర్రబడింది. వంగి, బిగించే ఉన్న బూట్ల తాళ్ళు మళ్ళీ బిగించుకున్నాడు. కానిస్టేబుల్ ఏదో రాసుకుంది.

"మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడాలి."

"మా అమ్మతోటా?" అన్నాడు కిషన్‌రావు. "గది కష్టం మేడం."

ఆమె ఇంకా ఎక్కువ రాసుకుంది. అంతలో ఆమె భుజం మీది రేడియో పలికింది. కొండ చెరువు దగ్గర ఒకామె కాలు విరిగి ఉండవచ్చు, పక్కన కొడుకున్నాడు, చేతిలోని ఎర్రటోపీ ఎవరడిగినా వదలడం లేదు. కిషన్‌రావు పోయి కానిస్టేబుల్ బండి తలుపు పట్టుకున్నాడు. "ఆ టోపీ నాది. ఆమె నా భార్య. జల్ది తీసుకపోండ్రి" అన్నాడు. కానిస్టేబుల్ పుస్తకం మూసి, ఆయన్ను తన బండిలోనే తీసుకుపోయింది.

జూన్‌లో అక్కడ పొద్దు తొమ్మిదిన్నరకు గాని గుంకదు. ఎనిమిదింటికి, మంచి వెలుతురులోనే, పదకొండు మంది పుష్పలీలను స్ట్రెచర్ మీద మోసుకుంటూ గేటు దాటారు. ఒకాయన గొర్రెల రైతు, ఒకాయన పోస్ట్‌మన్, ఒకామె స్కూలు టీచరు. దళం పెద్ద గారెత్ అయితే కూతురి పుట్టినరోజు కేకు కోస్తుండగా లేచి వచ్చాడు. వీళ్ళెవరికీ ఇది ఉద్యోగం కాదు. ఎవరో తెలియని మనిషి కోసం చేతిలో పని వదిలి వచ్చారు, అంతే.

గేటు దగ్గర నిలబడ్డ కిషన్‌రావును చూసి పుష్పలీల స్ట్రెచర్ మీదే లేచి కూర్చుంది.

"బతికే ఉన్నరా?"

"ఉన్న లీలా. నీకేమైంది?"

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే పదకొండు మందికీ విడివిడిగా చేతులు జోడించింది. "ఎవరింటి బిడ్డలో మీరు. సల్లగుండాలె. మీ చేతులు సల్లగుండాలె" అంది. నవదీప్ ఆ మాటలను గారెత్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. గారెత్ హెల్మెట్ తీసి, "మీవారు దొరికారు కదా, మాకదే చాలు" అన్నాడు.

ఆస్పత్రికి పోయే దారిలో, నవదీప్ కారు వెనక సీట్లో, పుష్పలీల భర్త చెయ్యి వదల్లేదు. "ఇంతకు చెరువు మీకెట్ల అనిపించింది?" అని అడిగింది.

కిషన్‌రావు కిటికీలోంచి బయటికి చూశాడు. "నేను చెరువు దాక పోలే."

"మరి?"

"గేటు దాటి నూరడుగులు ఏసినంక గుండె కొట్టుకునుడు వినబడ్డది. భయమై ఎనకకు మర్లిన. గప్పుడే టోపీ పడ్డట్టున్నది. కార్ల పండుకున్న. లేసి, జల్దిగ ఇంటికొస్తె నడవలేదని తెలుస్తదని బ్రెకన్ల టీ తాగుకుంట కూసున్న."

కొడుకు ముందు సీట్లో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పుష్పలీల మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. ఆయన చెయ్యి తన చెంపకు ఆనించుకుని, "మంచి పని చేసిండ్రు. భయపడి బతికిండ్రు. నాకు గింతకంటె ఏం గావాలె" అంది. ఆ మాటకు కిషన్‌రావు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఎముక విరగలేదు, మూడు వారాలు కదలొద్దన్నారు. సోమవారం పొద్దున ఫార్మసీకి పంపే సెలవు ఫారంలో, కారణం అన్న గడిలో, పుష్పలీల "నా భర్త క్షేమంగా ఉన్నారు" అని రాసి సంతకం పెట్టింది.