లామినేషన్ చేసిన బావి

విద్యార్థుల్లో పఠనాభిరుచి పెంపొందించే మహత్తర లక్ష్యంతో ఆ ఉన్నత పాఠశాల గ్రంథాలయంలోని రెండు వందల పది పుస్తకాలనూ ఆదోనికి తీసుకుపోయి, మూసినవి మూసినట్టే లామినేషన్ చేయించారు. ఇక వాటికి దుమ్ము, చెద, చెమట, పిల్లలు, వీటిలో దేనివల్లా ప్రమాదం లేదు.

ఇంతటి ముందుచూపుకు కారణం పదో తరగతి శివలీల. ఏడాదికొకసారి పుస్తక ప్రదర్శన రోజున మాత్రమే బీరువా తెరవడం ఆ బడి ఆనవాయితీ. పుస్తకాలు బల్లల మీద పేర్చి, వాటి ముందు పిల్లల ప్రాజెక్టులు పెట్టి, అతిథులు ఫొటోలు దిగి వెళ్లాక మళ్లీ తాళం వేస్తారు. అతిథులు ఎటూ ఆలస్యంగానే వస్తారు కాబట్టి, ఆ సమయంలో శివలీల ఆరో తరగతి నుంచీ ఒకే పుస్తకాన్ని నిలబడి చదువుతూ వచ్చింది. రాతినేలలో ఒంటరిగా బావి తవ్వే ముసలాయన కథ అది. నాలుగు ప్రదర్శనల్లో నూట పన్నెండు పేజీలయ్యాయి. ముసలాయన ముప్పై మట్ల లోతుకు, అంటే ముప్పై నిలువులు, దిగాడు, నీళ్లు పడలేదు. ఇంకా పద్నాలుగు పేజీలున్నాయి. ఆమెకు మాత్రం ఈ ఏడాదిదే చివరి ప్రదర్శన.

గత ఏడాది తనిఖీలో ఆ పుస్తకం నిండా వేలిముద్రలు బయటపడ్డాయి. ప్రధానోపాధ్యాయుడు దేవేంద్రప్ప చలించిపోయాడు. "సకాలంలో తాళం వేయడం వల్ల నష్టం నూట పన్నెండో పేజీ వద్దే ఆగింది" అని పైకి నివేదిక పంపి ప్రశంసాపత్రం అందుకున్నాడు. లామినేషన్ ఆలోచన ఆ పత్రానికి ఫ్రేము కట్టించేటప్పుడు పుట్టింది.

ఇంట్లో శివలీలకు ఇంకో చిక్కుంది. ఏటా ఆమె చదివినంత మేరా తల్లి సుంకులమ్మకు చెప్పేది. సుంకులమ్మ సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు పోయినప్పుడు, మిరపకాయలు కోస్తూ తోటి కూలీలకు చెప్పేది. అక్షరం రాని ఇరవై మంది ఆడవాళ్లు నాలుగేళ్లుగా ఆ ముసలాయన కోసం బెంగపెట్టుకున్నారు. "ఈసారన్నా నీళ్లు పడినాయో లేదో కనుక్కోని రా పాపా. శేన్లో అందరూ నన్ను పీక్కతింటాండారు" అని సుంకులమ్మ మరీ మరీ చెప్పింది.

ఈసారి ప్రదర్శన కోసం శివలీల అట్టపెట్టెతో బావి చేసింది. నియమావళి ప్రకారం ప్రతి ప్రాజెక్టూ ఒక పుస్తకం ముగింపును చూపాలి. అందుకని గ్రంథాలయం బాధ్యత చూసే వీరభద్ర సారును అడిగింది.

"సార్, అడుగున నీళ్లు పెట్టల్లా, వద్దా? ఆ ప్లాస్టిక్ కోసిస్తే సూసి చెప్తా."

"కోసేదా! ఏమ్మా, నా ఉద్యోగం మీద కన్నేసినావా? పెద్దసారు శానా కష్టపడి చేయించినాడు. అది అట్లే ఉండల్ల!"

విషయం ఉపాధ్యాయుల సమావేశానికి వెళ్లింది. ఎవరూ ఆ పుస్తకం చదవలేదు గనక చర్చ నిష్పక్షపాతంగా సాగింది. నీళ్లు పడ్డాయని ఏడుగురు, పడలేదని ఇద్దరు చేతులెత్తారు. లెక్కల మాస్టారు తటస్థంగా ఉన్నారు. బావి అడుగున నీలం కాగితం అంటించాలని తీర్మానించి, టీ తాగి లేచారు.

ప్రదర్శన రోజు విద్యాధికారి రెండు గంటలే ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండు గంటలూ శివలీల పుస్తకం ముందే నిలబడింది. గోరుతో అంచు గీకి చూసింది. పని నాణ్యంగా చేశారు. ఏడుపు తన్నుకొచ్చింది కానీ, న్యాయనిర్ణేతలు చిరునవ్వుకు కూడా మార్కులు వేస్తున్నారని మింగేసింది.

"పుస్తకం విలువ తెలిసినోళ్లు దాన్ని ఇట్లా కాపాడుకుంటారు!" అని అధికారి మైకులో ఉప్పొంగిపోయాడు. "అంగట్లో కూడా ఇంత కొత్తగా ఉండదు! ఈ బావి సూడండి. కష్టపడితే నీళ్లు పడతాయని ఈ గ్రంథం మనకు చెప్తాండాది!"

చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి శివలీలకే వచ్చింది. షీల్డు అందుకుంటూ ఆమె మెల్లగా అడిగింది.

"సార్, పుస్తకంలో నిజంగా నీళ్లు పడినాయా?"

అధికారి దేవేంద్రప్ప వైపు చూశాడు. దేవేంద్రప్ప వీరభద్ర వైపు చూశాడు. వీరభద్ర అట్టపెట్టెలోకి తొంగిచూసి, "కనపడతాండాయి గదమ్మా" అన్నాడు. ఫొటో తీశారు. సాయంత్రానికి పుస్తకాలు క్షేమంగా బీరువా చేరాయి.

ఇంటికి పోయేసరికి సుంకులమ్మ సుగ్గికి మూట కడుతోంది. షీల్డు వైపు చూడనైనా లేదు.

"నీళ్లు పడినాయా పాపా?"

"ఏడుమంది పడినాయన్నారు మా. ఇద్దరు లేదన్నారు."

"వాళ్లనేది నాకెందుకు? పుస్తకమేమంటాది?"



కావున పాఠక మహాశయులకు మనవి. ఆ పుస్తకం మీ ఇంట్లోనూ ఉంది. వచ్చినవాళ్లకు కనబడేట్టు హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. మిరపకోతలు ఉగాది దాకా సాగుతాయి. ఆలోగా చివరి పద్నాలుగు పేజీలు చదివి, ఆ ఇరవై మందికి కబురు పంపగలరు. ముందు ఆ బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టారో వెతుక్కోండి.