తెల్లబడ్డ ఏనుగు

ఆ మంగళవారం మేనకోడలి పథకం చాలా చిన్నది. పదింటికి మావయ్య బొమ్మల స్టూడియోకి వెళ్ళాలి, కంప్యూటర్ల మీద బొమ్మలేసే ముగ్గురికీ కరెంటు పొదుపు గురించి గంటసేపు చెప్పాలి. చదువయ్యాక దొరికిన మొదటి పని. పాఠం నచ్చితే వారం వారం పెట్టిస్తానని మావయ్య మాటిచ్చాడు.

"మధ్యాహ్నం గొడుగుల కంపెనీ ఆయన ప్రకటన చూడ్డానికొస్తాడు. ఈలోగా ఏదీ పాడుచెయ్యకు తల్లీ."

"పాఠం చెబితే ఏం పాడవుతుంది మావయ్యా?"

ఆమె చెప్పింది రెండే ముక్కలు. తెర వెలుతురు సగానికి తగ్గించండి. ఒకే బొమ్మకి పది నకళ్ళు దాచకండి. వాటిని దాచే యంత్రాలు ఎక్కడో పగలూ రాత్రీ కరెంటు తాగుతుంటాయి. చెప్పగానే వినే కళాకారులు ఉంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆ ముగ్గురూ విన్నారు.

రంగులాయన పనిలో పడితే పొద్దున ఏం తిన్నాడో కూడా గుర్తుండని మనిషి. మసక తెర మీద, ప్రకటనలో గొడుగు కింద నిలబడ్డ ఏనుగుని చూసి నొచ్చుకున్నాడు. "ఇదేంటి, ఇంత నల్లగా ఉంది?" అంటూ కాస్త తెలుపు కలిపాడు. అది నీడలు వేసే అమ్మాయి తెర మీదికెళ్ళింది. "ఈయనెప్పుడూ ఇంతే, మసి పూసేస్తాడు" అని ఆమె ఇంకాస్త కలిపింది. ఆఖర్న సరిచూసే పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుని మరీ, ధారాళంగా కలిపాడు. ఎవరికి వారు తమ పని కాగానే పాత ఫైలు చెరిపేసి, భూమికి మేలు చేశామని మురిసిపోయారు.

రెండింటికి మావయ్య తన గదిలో పెద్ద తెర మీద ప్రకటన వేశాడు. ఆ తెర వెలుతురు ఎవరూ తగ్గించలేదు. గొడుగు కింద ఏనుగు సున్నం కొట్టిన గోడలా వెలిగిపోతోంది.

"పాతదేదీ?" అని అరిచాడు.

"నకళ్ళు ఉంచకూడదు కదండీ" అన్నారు ముగ్గురూ వినయంగా.

మేనకోడలు ఒకడుగు ముందుకేసింది. వారం వారం పాఠం సంగతి సరే, ఇక మావయ్య మొహం ఎలా చూడాలి? "తప్పు నాదే మావయ్యా..." అనబోయేసరికి గొడుగులాయన గుమ్మంలో ఉన్నాడు.

ఆయన పెద్ద తెర వంక చూడనే లేదు. ప్రకటన తన ఫోన్‌లోకి వేయించుకుని తిన్నగా మండుటెండలోకి నడిచాడు. "గొడుగు కావాల్సినవాళ్ళు చూసేది ఇక్కడేగా!" వెనకాలే అయిదుగురూ వెళ్ళి నిలబడ్డారు.

"పోయినవారం మీరు చూపించినదాంట్లో, ఎండలో చూస్తే గొడుగొక్కటే గాల్లో తేలుతుండేది. ఇప్పుడు ఏనుగు కూడా కనిపిస్తోందండీ! ఎలా చేశారు?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "మా మేనకోడలు శిక్షణ ఇచ్చిందండీ."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి హాయిగా నవ్వేసింది. ప్రతి మంగళవారం క్లాసు ఖాయమైంది. రెండో క్లాసుకి మావయ్య కూడా వచ్చి కూర్చున్నాడు, పాఠం వినడానికి కాదు, ఎవరూ వెంటనే ఆచరించకుండా చూడడానికి.