పిల్లి జేబు చొక్కా

ఆ ఉదయం టీచరమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. తన పైఅధికారి పెద్దమేడంను ఒక్క ఇంటికి తీసుకెళ్లాలి, బుడ్డోడిని చూపించాలి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చోవాలి. బొమ్మల సంచి భుజాన వేసుకుని, లేనివాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లుల చేతే పసిపిల్లల్ని ఆడించి, మాటలు నేర్పించడం ఆవిడ ఉద్యోగం. సంచి రోజురోజుకీ బరువెక్కుతోందో, తనే అరిగిపోతోందో ఆవిడకు అర్థం కావడం లేదు.

బుడ్డోడు బట్టలు కుట్టే ఆవిడ కొడుకు. మూడేళ్లు నిండినా నోరు విప్పడు. టీచరమ్మ నెలల తరబడి వాడి ముందు కూర్చుని పిల్లిలా అరిచింది, కుక్కలా మొరిగింది, గిన్నెల మూతలు వాయించింది. వాడు ఓపిగ్గా చూసి ఊరుకునేవాడు. ఆ చూపులో కాస్త జాలి కూడా ఉందని ఆవిడ అనుమానం.

పొరపాటు ముందురోజే జరిగిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "రేపు పెద్దమేడం వస్తారమ్మా. బాబుని చూసి, నేనింకా రావాలో వద్దో చెప్తారు" అనేసింది. మాటలొచ్చిన పిల్లల ఇళ్లకు వెళ్లడం మానేస్తారు, రానివాళ్ల ఇళ్లకే వెళ్తారన్నది అసలు సంగతి. అలసటలో ఆ ముక్క మర్చిపోయింది. కొడుకు మాట్లాడకపోతే ఇక టీచరమ్మను పంపరు కాబోలని తల్లి బెంగపడింది. వాడి కోసమని ఆ ఇంటి గడప తొక్కే మనిషి మరొకరు లేరు.

ఆ ఉదయం టీచరమ్మ, పెద్దమేడం వెళ్లేసరికి చాప మీద ఒక బాబు కూర్చుని ఉన్నాడు. తల్లి బుడ్డోడికని మిగులు గుడ్డలతో కుట్టిన పిల్లి బొమ్మ జేబు చొక్కా, చెవుల దాకా దిగిన టోపీ. టోపీ కింద నుంచి జడ కొస ఒకటి తొంగి చూస్తోంది. అది బుడ్డోడు కాదు, పక్కింటి పిల్ల వాగుడుకాయ అని టీచరమ్మ ఇట్టే పోల్చుకుంది. తల్లి కళ్లతోనే బతిమాలింది. నిజం చెప్పడానికి టీచరమ్మకు ఓపిక లేకపోయింది.

వాగుడుకాయ విజృంభించింది. రంగులు చెప్పింది, వేళ్లు లెక్కపెట్టింది, అడక్కుండానే పాట అందుకుంది. ఆఖరికి మీ జుట్టు సగం నలుపు, సగం తెలుపు ఎందుకుందని పెద్దమేడంనే నిలదీసింది. పెద్దమేడం మురిసిపోయింది.

"ఈ బాబుకి మన అవసరం లేదు. వచ్చే వారం నుంచి నువ్వు వేరే ఇంటికి వెళ్లు."

తల్లి మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేసి ముందుకొచ్చింది. నిజానికి మావాడికి ఒక్క ముక్క కూడా రాదండీ, ఇవాళే ఏదో ఇలా అంటూ నీళ్లు నమిలింది. నాకన్నీ వచ్చని వాగుడుకాయ రోషపడింది. టీచరమ్మ మధ్యలో దూరి, కొత్తవాళ్లను చూస్తేనే వీడు మాట్లాడతాడనీ, మనం వెళ్లగానే నోరు కుట్టేసుకుంటాడనీ సర్దబోయింది. ఆ మాట ఆవిడ చెవులకే అధ్వాన్నంగా వినిపించింది.

సరిగ్గా అప్పుడే, పక్కింట్లో దాచిన బుడ్డోడి పేచీ పడలేక వాగుడుకాయ నాయనమ్మ వాణ్ణి తెచ్చి గుమ్మంలో దింపింది.

"ఈ బాబెవరు?" అంది పెద్దమేడం.

"పక్కింటి వాడండీ."

అనేసింది తల్లి. అనగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నకొడుకును కాదనడం ఎంత కష్టమో మాట జారాక తెలిసింది. బుడ్డోడు ఎవరినీ పట్టించుకోలేదు. నేరుగా వాగుడుకాయ దగ్గరికి నడిచి, పిల్లి జేబు పట్టుకుని లాగాడు.

"నా చొక్కా."

తల్లి ఒక్క ఉదుటున వాణ్ణి వాటేసుకుని, "నా కొడుకు మాట్లాడాడు టీచరమ్మా" అని భోరుమంది. ఆ లాగులాటలో టోపీ ఊడి జడలు రెండూ బయటపడ్డాయి. ఇక దాచడానికేమీ మిగల్లేదు. టీచరమ్మ చాప మీద చతికిలబడి జరిగిందంతా చెప్పేసింది. చెబుతుంటే ఆవిడకూ ఏడుపొచ్చింది. అంత సంతోషం ఎరిగి చాలా కాలమైంది.

పెద్దమేడం కింద పడ్డ టోపీ తీసి వాగుడుకాయ చేతికిచ్చింది. తర్వాత టీచరమ్మతో, "రెండు మాటలకే మానేస్తామా? ఇంకో ఏడాది వస్తూ ఉండు" అంది. గుమ్మం దాటుతూ, ఇంతకీ ఏ పద్ధతిలో మాట్లాడించావని ఆరా తీసింది. టీచరమ్మ సంచి భుజాన వేసుకునేలోపే, చొక్కా లాక్కుంటే మాటలొస్తాయని వాగుడుకాయే సందంతా వినిపించేలా చెప్పింది. గుమ్మాల్లో నిలబడ్డ తల్లులంతా శ్రద్ధగా విన్నారు.

తర్వాతి వారం టీచరమ్మ వెళ్లేసరికి ఆ సందులో పిల్లలంతా ఒకరి చొక్కాలు ఒకరు వేసుకుని కూర్చున్నారు.