నలభై మూడు ఫ్రేముల అపహరణ

"నేరం ఎక్కడుంటే నేనక్కడుంటాను తమ్ముడూ. అసలు నేనొచ్చాకే అక్కడ నేరముందని జనానికి తెలుస్తుంది" అన్నాడు మా తోడల్లుడు, క్రీడల ఆఫీసు గుమ్మంలో నిలబడి. నల్లకళ్లద్దాలు తీయకుండానే, గది చీకటిగా ఉందని రెండుసార్లు విసుక్కున్నాడు కూడా.

ఆయన కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. మీటరు తిరిగే వేగాన్ని బట్టి ఇంట్లోవాళ్ల గుట్టు చెప్పగలనని ఆయన నమ్మకం. వీధిలో అందరూ ఎదురుగా "డిటెక్టివ్‌గారూ" అంటారు, ఆయన మలుపు తిరిగాక నవ్వుకుంటారు. నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. మా ఆవిడ ఆయన భార్యకు స్వయానా చెల్లెలు కాబట్టి నాకు ఆ నవ్వే యోగం కూడా లేదు.

సంగతేమిటంటే, మా అమ్మాయి నాలుగు వందల మీటర్ల పందెం పరుగెత్తింది. మొదటి ముగ్గురికే పై పోటీలు. మూడో స్థానానికి మా పిల్లా, పక్క వరస పిల్లా ఒక్క ఊపిరిలో గీత దగ్గరికి వచ్చారు. మా పిల్లకు నాలుగో స్థానం రాశారు. నేను కొత్త ఫోనుతో తీసిన వీడియోలో మాత్రం మా పిల్లే ముందుంది. దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చాం.

"ఫోనులో ఎవరేం మాయ చేశారో నాకెట్లా తెలుస్తుందండీ? మా కంప్యూటర్లో ఎక్కడా ఆగకుండా నడవాలి. అప్పుడే సాక్ష్యం" అన్నాడు సెలెక్షన్ ఆఫీసరు.

ఆ కంప్యూటరు ముసలిది. వీడియో గీతకు పదడుగుల దూరం దాకా ఎడ్లు మొరాయించిన బండిలా ఈడ్చుకుంటూ వచ్చింది. మరుక్షణం పిల్లలంతా గీతకు అవతల తేలారు. మధ్యలో దాటడమనేది లేదు.

"ముక్క కత్తిరించి తెచ్చారు" అన్నాడు ఆఫీసరు. "నాలుగింటికి జాబితా పంపాలి. దొంగ వీడియో తెచ్చారని కూడా రాయాల్సి వస్తుంది."

అప్పటికి మూడున్నర. మా అమ్మాయి కంప్యూటరు దగ్గరికి జరిగింది.

"ఎవరూ ఈ గది దాటడానికి వీల్లేదు!" అన్నాడు మా తోడల్లుడు.

"టీ తాగొస్తానండీ."

"టీ కూడా అనుమానాస్పదమే. కూర్చోండి."

ఆఫీసరు ఎందుకో కూర్చున్నాడు.

మా అమ్మాయి కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. ఏవో రెండు మీటలు నొక్కి తెర మూల చిన్న అక్షరాలు తెప్పించింది. "ఇక్కడ చూడండి పెదనాన్నా. నలభై మూడు ఫ్రేములు జారిపోయాయి. వీడియో అంటే వరసగా బొమ్మలు కదా, ఒక్కోటీ ఫ్రేము. వాటిని కుదించి మూటకడతారు. ఈ కంప్యూటరు ఆ మూట విప్పలేక కొన్నిటిని వదిలేస్తోంది."

"నలభై మూడు మంది మాయం!" డిటెక్టివుగారు జేబులోంచి రీడింగు పుస్తకం తీసి రాసుకున్నాడు. "ఈ వీడియో ఆడించే సరంజామా ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఊరికే ఇస్తారు."

"ఊరికే! కన్నతల్లి కూడా రెండోసారి కూర ఊరికే వెయ్యదమ్మా. ఊఁ, ఆ తర్వాత?"

"దాని లోపలి రాతంతా అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు."

"తెరిచే ఉందా? దొంగ ఎలా దూరాడో తేలిపోయింది. తమ్ముడూ, సగం కేసు అయిపోయింది."

"మిగతా సగం అరగంటలో తేలకపోతే పిల్ల బతుకు అయిపోయింది అన్నయ్యా" అన్నాను.

అమ్మాయి ఇంకో కిటికీ తెరిచింది. కంప్యూటర్లో ఏ భాగం ఎంత పని చేస్తోందో అందులో గీతలుగా కనబడుతోంది. ప్రాసెసరు గీతలు నాలుగూ నూటికి నూరు. కంప్యూటరు లోపలి ఫ్యాను పిండిమరలా అరుస్తోంది. పక్కన గ్రాఫిక్స్ చిప్ గీత మాత్రం సున్నా.

ఆ గీతలు చూడగానే మా తోడల్లుడు కళ్లద్దాలు తీసేశాడు. ఆయన వృత్తి జీవితమంతా ఈ దృశ్యం కోసమే కాచుకుని ఉన్నాడు. "నాలుగు మీటర్లూ గిర్రున తిరుగుతున్నాయి. కొక్కెం వేశారు! ఎవడో కరెంటు లాగుతున్నాడు!"

"మరి ఆ సున్నా ఎవరండీ?" అన్నాడు ఆఫీసరు. ఆయనకూ రుచి తగిలింది.

"అదా? తాళం వేసిన ఇల్లు. మేం 'డోర్ లాక్' అని రాసుకుని ముందుకెళ్లిపోతాం. ఖాళీ ఇంటితో మనకేం పని?"

"పెదనాన్నా, ఒక్క నిమిషం... ఆ సున్నా దగ్గరే ఏదో..."

"పిల్లవి. నీకు తెలీదు. ముందు వేలిముద్రలు."

సంచీలోంచి మా వదిన మొహానికి రాసుకునే పౌడరు డబ్బా, గడ్డం గీసుకునే బ్రష్షు తీశాడు. వద్దనేలోపు కీబోర్డు మీద పౌడరు కుమ్మరించాడు. బ్రష్షుతో ఇటు రుద్దితే వీడియో మూగదైంది, అటు రుద్దితే బొమ్మ తెరంతా పరుచుకుంది. ఆఫీసరు తుమ్మాడు. ఆ తుమ్ముకు కీబోర్డు ఎక్కడ జారిపోతుందోనని మా తోడల్లుడు ఎడమ మూలన ఉన్న మీట మీద బొటనవేలు అదిమిపెట్టి, కుడిచేత్తో మధ్యలో గట్టిగా ఒక్క రుద్దు రుద్దాడు.

రెండు మీటలూ ఒకేసారి పడేసరికి తెర మీద ఒక చిన్న వాక్యం మెరిసింది: హార్డ్‌వేర్ డీకోడింగ్ పనిచేస్తోంది.

ఫ్యాను నోరు మూసుకుంది. నాలుగు గీతలూ పాతాళానికి దిగాయి. సున్నా మెల్లగా లేచి నిలబడింది.

"తాళం తెరుచుకుంది!" అని అరిచింది మా అమ్మాయి. "మూటలు విప్పడానికే ఉన్న చిప్పు పక్కన తొంగుంటే, చాకిరీ అంతా ప్రాసెసరు నెత్తిన పడింది నాన్నా! సార్, మొదటి నుంచీ వెయ్యండి!"

ఆఫీసరు వేశాడు. ఈసారి వీడియో నూనె పోసిన కుట్టుమిషనులా జారిపోయింది. పదడుగులు, ఐదు, గీత. పక్క పిల్ల కాలు ముందుంది, మా పిల్ల ఛాతీ ముందుంది. పరుగులో లెక్కకొచ్చేది ఛాతీ.

ఆఫీసరు జాబితా తీసి నాలుగు కొట్టేసి మూడు రాశాడు. గడియారంలో నాలుగుకు ఆరు నిమిషాలు తక్కువ.

"నన్ను చూసి దొంగ తోక ముడిచాడు" అని పుస్తకంలో రాసుకున్నాడు మా తోడల్లుడు. "నలభై మూడు మందీ క్షేమం."

అమ్మాయి కదల్లేదు. "సార్, ఇంకొక్కసారి వేస్తారా?"

"ఒప్పేసుకున్నాంగా తల్లీ?"

"అందుకు కాదు సార్. గీత దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాను. ఇందాక కూడా భయమేసి మూసుకున్నాను. నేను గెలవడం నేనింకా చూడలేదు."

"దానికేముంది, పెదనాన్న ఉన్నాడుగా!" అంటూ మా తోడల్లుడు కీబోర్డు వైపు చెయ్యి చాచాడు.

ఆ చేతిని నేనూ, మా అమ్మాయీ, ఆఫీసరూ ముగ్గురం ఒకేసారి పట్టుకున్నాం. ఎవరు ముందు పట్టుకున్నారో మాత్రం ఏ వీడియో చూసినా తేలదు.